ఉందని పిప్, లేదని ప్రోగ్రామ్: రెండూ నిజమే చెబుతున్నాయి

ప్రశ్న: బీకాం పూర్తిచేసి, ఇంటి దగ్గరే ఉండి ఆన్‌లైన్ కోర్సులో పైథాన్ నేర్చుకుంటున్నాను. ఎక్సెల్ షీట్లతో పని చేయాలంటే పాండాస్ అనే లైబ్రరీ (పైథాన్‌కు అదనంగా చేర్చుకునే రెడీమేడ్ కోడ్) రావాలన్నారు. లైబ్రరీలను తెచ్చిపెట్టే పిప్‌తో, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) 'పిప్ ఇన్‌స్టాల్ పాండాస్' అని కొడితే 'రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్' అని వస్తోంది. అంటే ఉన్నట్టే కదా? నేను ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్‌లో రన్ చేస్తే మాత్రం 'మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్: నో మాడ్యూల్ నేమ్డ్ పాండాస్' అంటోంది. పైథాన్ తీసేసి మళ్ళీ వేశాను, అయినా అదే. మా తమ్ముడి లాప్‌టాప్‌లో అదే ఫైలు చక్కగా నడుస్తోంది. వాడి ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నా నా దాంట్లో నడవలేదు. కోర్సు వాట్సాప్ గ్రూపులో అడిగితే గూగుల్ చేసుకోమన్నారు. కామర్స్ చదివినవాళ్ళకు ఇది రాదేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ముందు టెన్షన్ సంగతి. మీ ప్రోగ్రామ్ మొదటి లైను దగ్గరే ఆగిపోయింది. మీరు రాసిన లెక్క, లాజిక్ దాకా అది రానే లేదు. కాబట్టి ఈ ఎర్రర్‌ను బట్టి మీకు ప్రోగ్రామింగ్ వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళు కూడా కొత్త లాప్‌టాప్ కొన్న మొదటి వారంలో దీంతోనే తల పట్టుకుంటారు. ఇక కామర్స్ మాట వదిలేద్దాం.

అసలు విషయం ఏమిటంటే, మీ లాప్‌టాప్‌లో ఒకటి కాదు, కనీసం రెండు పైథాన్‌లు ఉన్నాయి. పాండాస్ ఒకదానిలోకి వెళ్ళింది, మీ ప్రోగ్రామ్ రెండోదానితో నడుస్తోంది. గ్యాస్ బండ పక్క పోర్షన్‌లో దించి వెళ్ళారనుకోండి. ఏజెన్సీకి ఫోన్ చేస్తే 'డెలివరీ అయిపోయిందండీ' అంటారు, మీ పొయ్యి మాత్రం వెలగదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. మీ పిప్‌కూ మీ ప్రోగ్రామ్‌కూ మధ్య నడుస్తున్న గొడవ సరిగ్గా ఇదే. ఇంకో పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా బండ పక్క పోర్షన్‌కే వెళ్తుంది.

రెండు పైథాన్‌లు ఎలా వచ్చాయి? విండోస్‌లో ఇది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. పైథాన్ లేని విండోస్ 10 లేదా 11 కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి 'పైథాన్' అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ పేజీ తెరుచుకుంటుంది. చాలామంది అక్కడ 'గెట్' నొక్కేస్తారు. తర్వాత కోర్సులో సార్ 'పైథాన్ డాట్ ఆర్గ్ నుంచి దింపుకోండి' అంటే అదీ దింపుకుంటారు. మధ్యలో ఎవరో డేటా సైన్స్‌కు అనకొండ అనే సాఫ్ట్‌వేర్ మంచిదంటే అదీ వేస్తారు, దాని లోపల ఇంకో పైథాన్ ఉంటుంది. వీటిలో ఏదీ మిగతావాటిని తీసేయదు. మీరు కంట్రోల్ ప్యానెల్లో కనిపించినదాన్ని తీసేసి మళ్ళీ వేసినా స్టోర్ నుంచి వచ్చింది అలాగే కూర్చుని ఉండొచ్చు. అందుకే మళ్ళీ వేసినా మార్పు కనిపించలేదు.

ఇప్పుడు వెతుకుదాం. ఒక్క మాట: కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

మీ దగ్గర ఇప్పటికే ఒక ఆధారం ఉంది, మీరు చూడలేదంతే. 'రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్' అన్న లైను అక్కడితో అయిపోదు. ఆ తర్వాత 'ఇన్' అని వేసి పొడుగాటి పాత్ (ఫోల్డర్ చిరునామా) ఒకటి ఉంటుంది, అది 'సైట్-ప్యాకేజెస్' అనే ఫోల్డర్‌తో ముగుస్తుంది. దానికి ముందున్న ముక్క చూడండి. 'పైథాన్312' అని ఉంటే పాండాస్ పైథాన్ 3.12 లోకి వెళ్ళిందన్నమాట. పాత్ మధ్యలో 'పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్' అనే పొడుగాటి పేరు కనిపిస్తే అది మైక్రోసాఫ్ట్ స్టోర్ పైథాన్. అనకొండ అయితే ఆ పేరే ఉంటుంది.

రెండో ఆధారం ప్రోగ్రామ్ నుంచి రావాలి. ఒక కొత్త ఫైలు తెరవండి, దానికి 'చూద్దాం' అనో మరేదో పేరు పెట్టండి (పాండాస్ అని మాత్రం పెట్టొద్దు, ఎందుకో కిందకు వచ్చాక చెబుతాను). అందులో రెండే లైన్లు. మొదటిది 'ఇంపోర్ట్ సిస్'. రెండోది ప్రింట్, బ్రాకెట్లలో 'సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్'. టెర్మినల్ నుంచి కాదు, పాండాస్ ప్రోగ్రామ్‌ను ఏ బటన్‌తో రన్ చేస్తున్నారో అదే బటన్‌తో రన్ చేయండి. ఈ ప్రోగ్రామ్‌ను నడుపుతున్న పైథాన్ ఎక్కడుందో దాని పూర్తి పాత్ వస్తుంది.

రెండు పాత్‌లనూ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. చివర్లు ఎలాగూ ఒకేలా ఉండవు, కానీ అవి చూపే పైథాన్‌లే వేరువేరుగా ఉంటాయని దాదాపు ఖాయంగా చెప్పగలను. వీఎస్ కోడ్‌లో పైన కుడివైపు ఉండే రన్ బటన్ తాను ఎంచుకున్న పైథాన్‌ను పిలుస్తుంది. టెర్మినల్‌లో ఉత్త 'పిప్' అని కొడితే, విండోస్ తాను ప్రోగ్రాముల కోసం వెతికే 'పాత్' అనే ఫోల్డర్ల జాబితాలో ముందుగా కనిపించిన పిప్‌ను పిలుస్తుంది. ఈ ఇద్దరూ ఒకరినొకరు అడిగి చేయరు.

బాగుచేయడానికి రెండు దారులు. తేలికైనది: వీఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ మూడూ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో 'పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్' ఎంచుకోండి. మీ లాప్‌టాప్‌లో ఉన్న పైథాన్‌ల జాబితా వస్తుంది. అక్కడ ఒకటి కంటే ఎక్కువ కనిపించగానే సగం అనుమానం తీరిపోతుంది. పాండాస్ ఏ పైథాన్‌లో ఉందో దాన్ని ఎంచుకుని మళ్ళీ రన్ చేయండి.

రెండో దారి కొంచెం పెద్దది, కానీ అలవాటు చేసుకోవాల్సింది ఇదే. ఉత్త 'పిప్ ఇన్‌స్టాల్' కొట్టడం ఇవాళ్టితో మానేయండి. 'పైథాన్ హైఫన్ ఎం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్' అని కొట్టండి, హైఫన్‌కూ ఎంకూ మధ్య ఖాళీ ఉండకూడదు. 'ఈ పైథాన్‌కు చెందిన పిప్‌నే పిలువు, ఇందులోనే పెట్టు' అని దీని అర్థం. ఇక్కడ పైథాన్ అన్న మాట బదులు ఇందాక ప్రోగ్రామ్ చూపించిన పూర్తి పాత్‌నే పెడితే ఇంకా ఖాయం, పొరపాటుకు చోటే ఉండదు. అయితే వీఎస్ కోడ్ టెర్మినల్ విండోస్‌లో మామూలుగా పవర్‌షెల్ అనే రకం. మీ యూజర్ పేరులో ఖాళీ ఉంటే (ఇంటిపేరు, అసలు పేరు విడివిడిగా రాసుకునే మనవాళ్ళకు అది మామూలే) పాత్‌ను డబుల్ కోట్స్‌లో పెట్టి, ముందు 'అండ్' గుర్తు (&) వేసి, ఒక ఖాళీ ఇవ్వాలి. ఆ గుర్తు లేకపోతే పవర్‌షెల్ దాన్ని కమాండ్‌గా కాక ఉత్త అక్షరాలుగా తీసుకుంటుంది. అసలు ఎన్ని పైథాన్‌లు దొరుకుతాయో చూడాలంటే 'వేర్ డాట్ ఈఎక్స్ఈ పైథాన్' కొట్టండి. పవర్‌షెల్‌లో చివరి 'డాట్ ఈఎక్స్ఈ' తప్పనిసరి, ఉత్త 'వేర్' అంటే అక్కడ వేరే పని ఉంది.

ఈలోగా క్లాసు ఆగిపోకూడదు అనుకుంటే గూగుల్ కోలాబ్‌లో (బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే సైటు) పని నడిపించుకోండి. అక్కడ పాండాస్ ముందే ఉంటుంది. కానీ అక్కడ నడిచింది కదా అని దీన్ని వదిలేయకండి. ఉద్యోగంలో చేరాక మీ డెస్క్ మీద ఇదే తలనొప్పి మళ్ళీ ఎదురవుతుంది. జూపిటర్ నోట్‌బుక్ (కోడ్‌ను 'సెల్' అనే ముక్కలుగా రాసి నడిపేది) వాడుతుంటే మాత్రం సెల్‌లోనే 'పర్సెంట్ గుర్తు, పిప్ ఇన్‌స్టాల్ పాండాస్' అని రాయండి, అది ఆ నోట్‌బుక్ వాడుతున్న పైథాన్‌లోనే పెడుతుంది. చాలా వీడియోల్లో ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి చెబుతారు. అది బయటి పిప్‌ను పిలుస్తుంది కాబట్టి కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక కెర్నెల్ (నోట్‌బుక్ వెనక నడిచే పైథాన్) ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు ఫైలు పేరు సంగతి. ఇంపోర్ట్ అన్న లైను చూడగానే పైథాన్ ఏం చేస్తుందో తెలిస్తే ఇలాంటి ఎర్రర్లు సగం మాయమైపోతాయి. దాని దగ్గర 'సిస్ డాట్ పాత్' అని ఫోల్డర్ల జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితాను పై నుంచి కిందకు వరసగా వెతుకుతుంది, ముందు ఎక్కడ దొరికితే అక్కడ ఆగిపోతుంది. జాబితాలో మొట్టమొదటిది మీరు రన్ చేసిన ఫైలు ఉన్న ఫోల్డరే. పైథాన్‌తో వచ్చే సొంత మాడ్యూల్స్ ఉన్న ఫోల్డర్, పిప్ పెట్టే సైట్-ప్యాకేజెస్ రెండూ ఆ తర్వాతే. అంటే మీరు ప్రాక్టీసు కోసం రాసిన ఫైలుకు 'పాండాస్ డాట్ పీవై' అని పేరు పెట్టారనుకోండి, 'ఇంపోర్ట్ పాండాస్' అనగానే పైథాన్‌కు ముందు దొరికేది మీ ఫైలే! అసలు పాండాస్ దాకా అది వెళ్ళదు. అప్పుడు మాడ్యూల్ లేదని అనదు, 'డేటాఫ్రేమ్ అనే యాట్రిబ్యూట్ లేదు' అంటుంది, లేదా 'పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్' అని ఏదో భయపెట్టే మాట అంటుంది. నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది 'ర్యాండమ్' పేరుతో. ర్యాండమ్ మాడ్యూల్ నేర్చుకునే రోజున ఫైలుకు ఆ పేరే పెట్టాలనిపించడం సహజం కదా. ఇలా పైథాన్ సొంత మాడ్యూల్ పేరు పెట్టుకున్నప్పుడు, పైథాన్ 3.13 నుంచి ఫైలు పేరు మార్చి చూడమని ఎర్రర్‌లోనే సలహా ఇస్తున్నారు, మంచి పని చేశారు. పాత వెర్షన్లలో మనమే కనిపెట్టుకోవాలి.

పేర్లలోనే ఇంకో చిక్కు ఉంది. పిప్‌కు చెప్పే పేరు, ఇంపోర్ట్‌లో రాసే పేరు ఒకటే కావాలని రూలేమీ లేదు. పాండాస్‌కు రెండూ ఒకటే కాబట్టి ఇప్పుడు మీకు ఇబ్బంది లేదు. రేపు ఫొటోలతో పని చేసేటప్పుడు పిప్‌లో 'పిల్లో' అంటారు, ఇంపోర్ట్‌లో 'పీఐఎల్' అని రాస్తారు, అదీ పెద్ద అక్షరాల్లో. 'ఓపెన్‌సీవీ-పైథాన్' ఇన్‌స్టాల్ చేసి 'సీవీ2' అని ఇంపోర్ట్ చేస్తారు. మెషీన్ లెర్నింగ్‌లోకి వెళ్తే పిప్‌లో 'సైకిట్-లెర్న్', ఇంపోర్ట్‌లో 'ఎస్‌కేలెర్న్'. వెబ్ పేజీల నుంచి డేటా తీసే 'బ్యూటిఫుల్‌సూప్4' ఇంపోర్ట్‌కు వచ్చేసరికి 'బీఎస్4' అయిపోతుంది. ఎర్రర్‌లో కనిపించిన పేరునే నేరుగా పిప్‌కు ఇస్తే కొన్నిసార్లు దొరకదు, కొన్నిసార్లు సంబంధం లేనిదేదో దొరుకుతుంది. ఆ రెండోదే ప్రమాదం. పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చే సైటు) ఎవరైనా ప్యాకేజీ పెట్టొచ్చు. 'కలరామా' అనే మంచి ప్యాకేజీ ఒకటి ఉంది. దాని స్పెల్లింగ్‌లో ఒక 'యూ' ఎక్కువ పెట్టి ఎవరో దొంగ ప్యాకేజీ పెడితే అది 2018లో బయటపడింది. విండోస్‌లో కాపీ చేసుకున్న బిట్‌కాయిన్ చిరునామాను చడీచప్పుడు లేకుండా మార్చేసేది అది. చాట్‌బాట్‌లు కూడా ఒక్కోసారి లేని ప్యాకేజీ పేర్లు ధైర్యంగా చెబుతుంటాయి. అందుకే పేరు తెలియనప్పుడు ఆ లైబ్రరీ అసలు డాక్యుమెంటేషన్‌లో ఇన్‌స్టాల్ లైను చూసి కాపీ చేసుకోండి.

పాండాస్ కుదిరాక మీకు ఎదురయ్యే తర్వాతి ఎర్రర్ ఏమిటో ఇప్పుడే చెప్పేస్తాను, అప్పుడు మళ్ళీ కంగారు పడరు. 'రీడ్ ఎక్సెల్' తో మీ ఎక్సెల్ ఫైలు తెరవగానే 'మిస్సింగ్ ఆప్షనల్ డిపెండెన్సీ ఓపెన్‌పీవైఎక్స్ఎల్' అని రావచ్చు. పాండాస్ ఎక్సెల్ ఫైళ్ళను తనంతట తాను చదవదు, ఆ పని ఓపెన్‌పీవైఎక్స్ఎల్ అనే ఇంకో లైబ్రరీకి అప్పగిస్తుంది. పాండాస్‌తో పాటు అది వెంట రాదు. సీఎస్వీ ఫైళ్ళు (కామాలతో విడదీసిన సాదా పట్టికలు) చదివేవాళ్ళకు దాని అవసరమే ఉండదు కాబట్టి విడిగా ఉంచారు. 'పైథాన్ హైఫన్ ఎం పిప్ ఇన్‌స్టాల్ ఓపెన్‌పీవైఎక్స్ఎల్' అంటే సరిపోతుంది. ఏ ఎర్రర్‌నైనా చివరి లైను నుంచి మొదలుపెట్టి పైకి చదవండి. చివరి లైనులో కోట్స్ మధ్య ఉన్న పేరు ఏదో చూడండి. మీరు ఇంపోర్ట్ చేసింది పాండాస్, లేదని చెబుతున్నది వేరే పేరు అయితే మీ పాండాస్ బాగానే ఉంది, దానికి కావాల్సిన ఇంకొకటి లేదు.

తమ్ముడి ఫోల్డర్ కాపీ చేసుకున్నా నడవకపోవడానికి కారణం సులువే. ప్రోగ్రామ్ ఫైలు ఆ ఫోల్డర్‌లో ఉంది, పాండాస్ వాడి పైథాన్‌లో ఉంది. మీరు తెచ్చుకున్నది ఫైలు మాత్రమే. ఒకవేళ ఆ ఫోల్డర్‌లో 'డాట్ వెన్వ్' అనే లోపలి ఫోల్డర్ కూడా వచ్చి ఉంటే దాన్ని తీసేయండి. అది వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఆ ఒక్క ప్రాజెక్టు కోసం విడిగా పెట్టుకున్న పైథాన్. దాని లోపల వాడి లాప్‌టాప్‌లోని పైథాన్ ఎక్కడుందో ఆ పాత్ రాసి ఉంటుంది, మీ లాప్‌టాప్‌లో ఆ పాత్ ఉండదు. అలా తెచ్చుకోవడానికి సరైన పద్ధతి వేరు. వాడి దగ్గర ఆ ప్రాజెక్టు టెర్మినల్‌లో 'పైథాన్ హైఫన్ ఎం పిప్ ఫ్రీజ్' కొట్టిస్తే ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఉందో జాబితా వస్తుంది. దాన్ని 'రిక్వైర్‌మెంట్స్ డాట్ టీఎక్స్‌టీ' అనే ఫైలుగా దాచి, ఆ చిన్న ఫైలు మీరు తెచ్చుకుని 'పిప్ ఇన్‌స్టాల్ హైఫన్ ఆర్' తర్వాత దాని పేరు ఇస్తే, మీ పైథాన్‌లోకి అవన్నీ వస్తాయి. ముందు 'పైథాన్ హైఫన్ ఎం' మరచిపోవద్దు.

మీరు కూడా ప్రతి ప్రాజెక్టుకు ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోవడం ఇప్పుడే మొదలుపెట్టండి. కొత్తవాళ్ళకు ఇది అప్పుడే ఎందుకు, బరువైపోతుంది అని కొందరు ట్రైనర్లు దాటవేస్తారు. నేను ఒప్పుకోను. వాళ్ళు దాటవేసిన ఆ పది నిమిషాలే మీకు ఇన్ని రోజుల తలనొప్పి అయింది. ప్రాజెక్టు ఫోల్డర్‌ను వీఎస్ కోడ్‌లో తెరిచి, టెర్మినల్‌లో 'పైథాన్ హైఫన్ ఎం వెన్వ్ డాట్ వెన్వ్' కొట్టండి. కొత్త ఎన్విరాన్‌మెంట్ కనిపించింది, దీన్నే వాడమంటారా అని వీఎస్ కోడ్ అడుగుతుంది, 'ఎస్' అనండి. తర్వాత కొత్త టెర్మినల్ తెరిస్తే లైను మొదట్లో బ్రాకెట్లలో 'డాట్ వెన్వ్' కనిపిస్తుంది. అది కనిపించినంతసేపూ మీరు ఇన్‌స్టాల్ చేసేదీ రన్ చేసేదీ ఒకే చోట జరుగుతున్నట్టు.

ఇక్కడ పవర్‌షెల్ ఒక్కోసారి అడ్డుపడుతుంది. 'రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిజేబుల్డ్ ఆన్ దిస్ సిస్టమ్' అని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. వైరస్ కాదు, మీరేమీ పాడు చేయలేదు. స్క్రిప్టులు నడవకుండా విండోస్ వేసుకున్న కట్టడి అది. దాన్ని మార్చడం ఇష్టం లేకపోతే టెర్మినల్ పక్కన ప్లస్ గుర్తు దగ్గరున్న చిన్న బాణం నొక్కి, పవర్‌షెల్ బదులు కమాండ్ ప్రాంప్ట్ ఎంచుకోండి. దానికి ఈ పట్టింపు లేదు.

పాత వీడియోలు చూసి నేర్చుకుంటుంటే ఇంకో రకం కనిపిస్తుంది. 'నో మాడ్యూల్ నేమ్డ్ డిస్ట్‌యుటిల్స్' అని వచ్చిందంటే మీ తప్పేమీ లేదు. 2023 అక్టోబరులో వచ్చిన 3.12లో ఆ మాడ్యూల్‌ను పైథాన్ నుంచే తీసేశారు. మీ వీడియో అంతకు ముందుది, అంతే. దీనికి విరుద్ధంగా, మరీ కొత్త పైథాన్ వేసుకున్నా చిక్కే. వెర్షన్ విడుదలైన వెంటనే పెద్ద లైబ్రరీలన్నీ దానికి తయారుగా ఉండవు. అప్పుడు పిప్ వాటిని మీ లాప్‌టాప్‌లోనే తయారు చేయబోయి, 'మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ కావాలి' అని పేజీల కొద్దీ ఎర్రర్ ఇస్తుంది. ఆ విజువల్ సీ ప్లస్ ప్లస్ వెంట పడి గిగాబైట్లు దింపుకోకండి. ఒక మెట్టు పాత పైథాన్ వేసుకుంటే చాలు, మీలాంటి అవసరానికి అదే మేలు.

ఇవన్నీ ఒక్క రోజులో చేయాల్సిన పని లేదు. ఇవాళ ఆ రెండు పాత్‌లు చూసి, ఇంటర్‌ప్రెటర్ మార్చి, పాండాస్ నడిపించండి. ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి. అక్కర్లేని పైథాన్‌లను ఆ తర్వాత సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలోకి వెళ్ళి తీసేయొచ్చు, అయితే అనకొండ వేసుకున్నది మీరే అయితే దాంతో ఏ పని ఉందో చూసుకుని తీయండి.

అప్పటికీ కుదరకపోతే మళ్ళీ రాయండి. ఎర్రర్ మొదటి లైను నుంచి చివరి లైను దాకా, 'సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్' ఇచ్చిన పాత్, 'పైథాన్ హైఫన్ ఎం పిప్ హైఫన్ హైఫన్ వెర్షన్' ఇచ్చిన లైను, మీ ఫైలు పేరు, అది ఉన్న ఫోల్డర్‌లోని మిగతా ఫైళ్ళ పేర్లు, ఇవి పంపండి. కోర్సు గ్రూపులో అడిగినా ఇవే పెట్టి అడగండి. స్క్రీన్‌కు ఫోన్‌తో ఫొటో తీసి మాత్రం పంపకండి, అక్షరాలే కాపీ చేసి పంపండి. ఫొటోల్లో ఎప్పుడూ తెగిపోయేది ఆ పాత్ చివరి ముక్కే.